దారి పడకముందు

కొత్త రహదారికి కొలతలు వేయువారు ఒక గ్రామమునకు వచ్చినప్పుడు మొట్టమొదట చేయు పని రాళ్ళు పాతుట. రంగు పూసిన హద్దురాళ్ళు చెలకలలోను, పొలము గట్ల మీదను, ఒక్కొక్కప్పుడు ఇంటి పెరటిలోను వరుసగా లేచి నిలుచును. గత చలికాలమున మహబూబాబాదు జిల్లాలో ఒక పల్లె వెలుపల అట్టి హద్దురాతి ప్రక్కనే నేను మరికొన్ని రాళ్ళను చూచితిని. అవి ఎవరును రంగు పూయనివి. మనిషి నడుము ఎత్తు గుండ్లు కొన్ని ఒక వలయముగా నేలలో దిగియున్నవి. వలయమునకు మధ్య పెద్ద సలప యొకటి ఒక ప్రక్కకు ఒరిగియున్నది. వరుసలో రెండు మూడు గుండ్లు లేవు. ఎవరో ఎప్పుడో బావి వరకో, పునాది కొరకో తీసికొని పోయియుందురు.

నేను వెళ్ళినది పంటలను గూర్చి రైతుల మాటలు రికార్డు చేసికొనుటకు. ఈ రాళ్ళ కొరకు కాదు. మేకలను తోలుకొని వచ్చిన ఒక వృద్ధుడు నన్ను చూచి ఆగెను.

"ఈ బండలేమిటి పెద్దయ్యా?" అంటిని.

"రాకాసి గుళ్ళు సారూ. మనుషులు గట్టినయి గావు. ఎనుకట రాకాసులుండిరట. మా నాయిన మ్యాకలను గూడ ఇటు రానిచ్చెటోడు గాదు."

"మరి ఈ రంగు రాయి?"

"గది రోడ్డోళ్ళది. మొన్న పాతిండ్రు." కొంచెము సేపు ఊరకుండి అతడే నన్ను అడిగెను: "రోడ్డు దీని మీదికెల్లి పోతదా సారూ, పక్కపొంటి పోతదా?"

నేను జవాబు చెప్పలేకపోతిని. అది ఏ దారికి పాతిన రాయి అనునది ఇచ్చట ముఖ్యము కాదు. ఈ జిల్లాలలో ఇప్పుడు దారుల పనికి కొదువ లేదు. ఆ వృద్ధుని ప్రశ్నకు జవాబు చెప్పవలసిన ఉద్యోగి ఒకడు ఉన్నాడా, ఉన్నచో ఆయన ఎప్పుడు రావలెను, వచ్చి ఏమి చేయవలెను అన్నదియే నేటి ప్రసంగ విషయము.

రాకాసి గుళ్ళని మన పల్లెలలో పిలుచునవి రాక్షసులవి కావు, గుళ్ళును కావు. అవి సమాధులు. ఇనుము వాడుక నేర్చిన మన పూర్వికులు, క్రీస్తుకు పూర్వము మొదటి సహస్రాబ్దిలోను దానికి కొంచెము అటునిటుగాను, తమ మృతులను రాతిపలకల పెట్టెలలో ఉంచి, నలుపు ఎరుపు రంగుల కుండలను, ఇనుప పనిముట్లను తోడుగా పెట్టి, చుట్టును గుండ్లను పాతిరి. తెలంగాణములో ఇట్టివి వేలకొలది కలవు. జనగామకు పడమట, కాజీపేట రైలు మార్గము మీద ఉన్న రాయగిరి వద్ద ఇట్టి సమాధులను త్రవ్వించి హంట్ అను నాతడు 1924లో లండనునందలి మానవశాస్త్ర పత్రికలో ప్రకటించిన వ్యాసము నేటికిని పండితులు చూచుచుందురు. ఇంకను వెనుకకు పోయినచో, 1868లో ముల్హెరన్ అను నాతడు గోదావరి తీరపు అడవులలోని రాతి సమాధులను, శిలువ ఆకారముగా చెక్కిన నిలువు రాళ్ళను గూర్చి కలకత్తాలోని ఆసియా సంఘమునకు తెలియజేసెను. ఫెర్గుసన్ పండితుడు ఆ రాళ్ళ ప్రసక్తిని తన గ్రంథములో చేర్చుటచేత భూపాలపల్లికి ఆవలి అడవి లోకమునకు తెలిసినది. నిజాము ప్రభుత్వము 1914లో పురావస్తు శాఖను నెలకొల్పి గులాం యాజ్దానీ గారిని దానికి అధిపతిగా నియమించిన పిమ్మట ఈ పరిశోధన ఒక పద్ధతిలో పడినది. ఆయన పాలంపేట దేవాలయములను గూర్చి వ్రాసిన గ్రంథము 1922లో వెలువడెను. ఆ దేవాలయమే 2021లో ప్రపంచ వారసత్వ పట్టికకు ఎక్కిన రామప్ప.

పాలంపేట వంటివానికి భయము లేదు. వానికి పేరు కలదు, కావలి కలదు, చట్టము కలదు. కేంద్ర ప్రభుత్వము 1958లో చేసిన ప్రాచీన కట్టడముల చట్టమును 2010లో సవరించి, రక్షిత కట్టడమునకు చుట్టును 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతమనియు, దానికి ఆవల మరి 200 మీటర్లు అదుపులో నుండు ప్రాంతమనియు నిర్ణయించిరి. తెలంగాణ రాష్ట్రమునకు 2017 నాటి వారసత్వ చట్టము కలదు. అయితే ఈ చట్టముల రక్షణ అంతయు ఒక్క మాట మీద ఆధారపడియున్నది: ఆ కట్టడము ముందే పట్టికలో ఉండవలెను. మానుకోట చెలకలోని గుండ్ల వలయమునకు పట్టిక తెలియదు. పట్టికకు ఆ వలయము తెలియదు.

పర్యావరణ అనుమతి సంగతియు ఇట్టిదే. 2006 సెప్టెంబరు 14 నాటి ప్రకటన ప్రకారము కొత్తగా వేయు జాతీయ రహదారులకు ముందుగా పర్యావరణ ప్రభావమును అంచనా వేసి అనుమతి పొందవలెను. ఆ దరఖాస్తు పత్రములో ఒక ప్రశ్న కలదు: 15 కిలోమీటర్ల లోపల చట్టముచే రక్షింపబడు సాంస్కృతిక ప్రాంతములు ఉన్నవా? మంచి ప్రశ్నయే. కాని అది తెలిసినవానిని గూర్చి అడుగును. తెలియనివానిని వెదకుమని చెప్పదు. పత్రము పూరించువాడు సత్యసంధుడే అయి, లేదని వ్రాసినను, ఆ లేదనుటకు అర్థము పట్టికలో లేదని మాత్రమే.

శ్రోతలు నన్ను దారులకు శత్రువని అనుకొనవలదు. వర్షాకాలమున ఏజెన్సీ పల్లెలనుండి నిండు చూలాలిని ఆసుపత్రికి మంచము మీద మోసికొని వచ్చిన కథలను మా కేంద్రమే ఎన్నియో ప్రసారము చేసినది. దారి కావలెను. 2016 అక్టోబరు 11న పాత వరంగల్లు జిల్లా విడివడి జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడిన తరువాత జిల్లా కేంద్రములకు దారులు మరింత అవసరమైనవి. 2023 జులై 8న వరంగల్లులో మంచిర్యాల–వరంగల్లు రహదారికిని, అదే సంవత్సరము అక్టోబరు 1న మహబూబ్‌నగరులో వరంగల్లు–ఖమ్మము రహదారికిని ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి. ఒక్కొక్కటి 108 కిలోమీటర్లు. నాగపురము నుండి విజయవాడకు పోవు వాణిజ్య మార్గములో ఇవి భాగములు. మొదటిదానిచే సుమారు 34 కిలోమీటర్లు, రెండవదానిచే సుమారు 14 కిలోమీటర్లు ప్రయాణము తగ్గునని అప్పుడు ప్రకటించిరి. ఇవి పాత దారిని వెడల్పు చేయునవి కావు. పొలములకు అడ్డముగా సరికొత్తగా గీచిన గీతలు. పాత బాట మీద దారి వేసినప్పుడు తాతల నాడే చెదరిన నేల మరికొంత చెదరును. కొత్త గీత మాత్రము ఇంతవరకు నాగలి తప్ప మరేమియు తాకని నేలను కోయును. ముందు నడిచి చూడవలసిన అవసరము ఇచ్చట ఎక్కువ.

ఇట్టి గీత ఈ సీమలో మొదట గీచినది రైలు. నిజాము రైలు 1886లో వరంగల్లునకు, 1889లో బెజవాడకు చేరినది. మానుకోట, డోర్నకల్లు ఆ దారిలోనివే. ఆ కట్టకు మట్టి ఎచ్చట త్రవ్విరో, ఆ త్రవ్వకములలో ఏమేమి పోయినదో వ్రాసి పెట్టిన కాగితము లేదు. కాగితము ఉన్నచోట్ల కథ ఎట్లున్నదో చూడుడు. 1850 ప్రాంతములలో లాహోరు–ముల్తాను రైలు మార్గము వేయు ఇంజనీర్లకు కట్ట మీద పరచుటకు రాయి దొరకలేదు. దగ్గరలో ఒక పాడుపడిన ఊరి దిబ్బ, దానినిండ కాల్చిన ఇటుకలు ఉండెను. సుమారు నూరు మైళ్ళ దారికి ఆ ఇటుకలు సరిపోయినవని కనింగ్‌హామ్ వ్రాసెను. ఆ దిబ్బ పేరు హరప్పా. నాలుగు వేల యేండ్ల పైబడిన నగరమొకటి అచ్చట ఉన్నదని ప్రపంచమునకు తెలియుటకు మరి డెబ్బది యేండ్లు పట్టినది.

అది దూరపు కథ అనుకొందుమేమో, మన ఆంధ్ర తీరమున గుడివాడలో ఊరి నడుమ నున్న బౌద్ధ స్తూపమును దారి కొరకే పడగొట్టిరి. భట్టిప్రోలు స్తూపము ఇటుకలు రోడ్డునకు పోయినవి. పాలరాతి పలకలు కాలువ తూము కట్టుటలో ఒదిగినవి. ఇంత జరిగిన పిమ్మట, 1892లో అలెగ్జాండర్ రీ మిగిలిన దిబ్బను త్రవ్వగా రాతి పేటికలు మూడు దొరకినవి. వాని మీది అక్షరములు తెలుగునేల మీద దొరికిన అతి ప్రాచీన లిపులలో ఒకటి. కుబేరకుడను రాజు పేరు మనకు తెలిసినది ఆ పేటికల వలననే. కూలివాని గడ్డపార మరి రెండు మూరలు దిగియున్నచో ఆ రాజు లేడు. ఇందులో ఆ ఇంజనీర్లను దూషించి ప్రయోజనము లేదు. వారికి కంకర కావలసియుండెను. కంకర ఎదుట ఉండెను. ఇది కంకర కాదని చెప్పువాడు ఆ రోజున అక్కడ లేడు.

చెప్పువాడు ఉన్నప్పుడు ఏమి జరుగునో చూపుటకు నాగార్జునకొండ కలదు. 1926లో రంగస్వామి సరస్వతి గారు కనుగొన్న ఆ లోయకు నాగార్జునసాగరపు నీరు రానున్నదని తెలిసినప్పుడు, 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యమున లోయ నంతటిని గాలించిరి. పాతరాతి యుగపు పనిముట్ల నుండి ఇక్ష్వాకుల రాజధాని వరకు పొరలు పొరలుగా బయటపడినది. కొన్ని కట్టడములను కొండమీదికి చేర్చి తిరిగి కట్టిరి. తక్కినవానిని కొలిచి, చిత్రించి, వ్రాసికొని నీటికి విడిచిరి. మునిగినదంతయు పోలేదనుటకు ఆ కాగితములే సాక్ష్యము.

అయితే ఆనకట్టకును రహదారికిని పెద్ద భేదము కలదు. ఆనకట్ట ఒక లోయను ముంచును. ఎంతవరకు మునుగునో గీత గీచి చూపవచ్చును. ఆ పని కొరకు ప్రత్యేకముగా ఒక దళమును ఏర్పరుపవచ్చును. రహదారి సన్నని దారము వంటిది. నూరు గ్రామముల మీదుగా పోవుచు ఒక్కొక్క గ్రామములో నాలుగు చెలకలను మాత్రము తాకును. ఆ నాలుగు చెలకలలో పోయినది చిన్నదిగనే కనబడును. నాగార్జునకొండ మునుగుచున్నదని దేశమంతయు విన్నది. మానుకోట చెలకలో మూడు గుండ్లు పోయినచో పత్రికలో వార్త రాదు. రహదారి చేయు నష్టము ఈ విధముగా చిల్లరగా జరుగును, కావున లెక్కకు రాదు.

ఈ మూడు జిల్లాలలో కొత్త గీతకు ఎదురుపడగల వస్తువులేవి? కొన్నింటిని చెప్పెదను. మొదటివి చెప్పియే యున్నాను, రాకాసి గుళ్ళు. రెండవది పాటి. మన రైతులకు ఈ మాట కొత్త కాదు. ఊరు లేచిపోయిన చోట మిగిలిన దిబ్బ పాటిదిబ్బ, పాటిగడ్డ. బూడిద, పేడ, ఎముకలు తరతరములుగా కలిసిన నేల గనుక పాటిమన్ను మంచి ఎరువని బండ్లతో పొలములకు తోలుకొందురు. పెంకులు, పూసలు, ఒక్కొక్కప్పుడు సీసపు నాణెములు ఆ బండ్లలోనే పోవును. మూడవది చిట్టెము. ఉత్తర తెలంగాణ పల్లెలలో ఇనుము కరిగించిన కొలుముల మడ్డి నల్లగా, బరువుగా, నురుగు గట్టిన రాయివలె దిబ్బలుగా పడియుండును. దేశాంతరములకు ఎగుమతియైన ఉక్కునకు ఈ సీమయే ఒక పుట్టినిల్లు. కాని రోడ్డు పనివానికి చిట్టెమునకు మించిన కంకర దొరకదు. హరప్పా ఇటుక వలె అదియు సిద్ధముగా కాల్చి పెట్టినదే కదా! నాలుగవవి కొండబండలు. భూపాలపల్లి జిల్లాలోని పాండవుల గుట్ట రాతి చిత్రములు పురావస్తు శాఖ వారికి తెలిసినది 1990లో. అంతకుముందు యుగయుగములుగా అవి అక్కడనే ఉన్నవి. అట్టి గుట్ట మరియొకటి ఏ కంకర గనికి ఇచ్చిన కౌలులో ఉన్నదో గుట్ట ఎక్కి చూచిన గాని తెలియదు.

ఇక శాసనములు. కురవిలోని శాసనము పదవ శతాబ్ది నాటి తెలుగు వచనమునకు అరుదైన సాక్ష్యము. బయ్యారము చెరువు శాసనమైతే కాకతీయుల చరిత్రకే ఆధారశిల. గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ ధర్మకీర్తిసముద్రమను చెరువును త్రవ్వించి ఆ సంగతిని రాతి మీద చెక్కించినది; చెక్కించుచు తన పుట్టినింటి వంశక్రమమును వెన్నరాజు నుండి చెప్పించినది. ఓరుగల్లు కోటలోని రాతి తోరణముల మీద దొరకని పూర్వరాజుల పేర్లు ఒక పల్లె చెరువు రాతి మీద దొరకినవి. ఆ రాయి ఏదో ఒక కాలమున తూము మరమ్మతులో తలక్రిందులుగా ఒదిగిపోయియున్నచో మన పాఠ్యగ్రంథములలో కాకతీయుల మొదటి పుటలు ఖాళీగా ఉండెడివి.

చెరువు ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట విడమరచి చెప్పవలెను. పర్యావరణమును ఒక శాఖ వారును, పురావస్తువులను మరియొక శాఖ వారును చూతురు. ఈ సీమలో ఆ రెండును ఒకటియే. కాకతీయుల నాటినుండి మన పల్లెలు గొలుసుకట్టు చెరువుల మీద బ్రతికినవి. ఎగువ చెరువు మత్తడి దుమికిన నీరు ఒర్రె వెంట దిగువ చెరువునకు, అచ్చటినుండి ఇంకొక చెరువునకు. ఇందులో కట్ట ఒక్కటే చెరువు కాదు. శిఖము, మత్తడి, తూము, ఆయకట్టు, ఒర్రె, అడవినుండి వాన నీటిని తెచ్చు వాలు, ఇవన్నియు కలిసి ఒక యంత్రము. ఎనిమిది వందల యేండ్ల నాటిదైనను నేటికిని పనిచేయుచున్న యంత్రము. కొత్త రహదారి ఎత్తైన కట్ట మీద పోవును. ఆ కట్ట రెండు చెరువుల మధ్య ఒర్రెను దాటవలసినచోట పటములో ఒర్రె లేనిచో మోరీ పెట్టరు. ఎండకాలమున వచ్చి చూచిన సర్వేయరునకు అది ఎండిన పల్లము. శ్రావణమాసమున అది ఏరు. మోరీ లేనిచోట నీరు రోడ్డునకు ఒక ప్రక్క పంటను ముంచును. మరియొక ప్రక్క చెరువు నిండదు. అట్లు చెరువు చచ్చినచో శిఖము కొన్నాళ్ళకు ఇండ్ల స్థలమగును. అప్పుడు శాసనమునకు చెరువు ఉండదు, చెరువునకు ఊరు ఉండదు.

చెట్లను గూర్చియు ఇంతే. అధికారులు మ్రాకులను లెక్కించి, ఒకటి కొట్టిన ఇన్ని నాటవలెనని వ్రాయుదురు. గీత వెంట నున్న తాళ్ళలో గీయునవి ఎన్ని, గీయనివి ఎన్ని అని గౌండ్ల నడిగినచో లెక్క వేరుగా వచ్చును. గీయు తాడు ఒక కుటుంబమునకు కూడు. కొత్తగా నాటిన తాడు కల్లు పారుటకు ఒక తరము పట్టును.

మరి ముందుగా చూచుట యనగా ఏమి చేయుట? ఇది మహామంత్రమేమియు కాదు. మొదట కాగితము. పాత గ్రామ నక్షాలు, పహాణీలు, ఆకాశమునుండి తీసిన ఛాయాచిత్రములు, ఇప్పుడైతే ఉపగ్రహ చిత్రములు. గ్రామస్థులు చెలకలకు పెట్టిన పేర్లు అన్నింటికంటె మేలైన పటము. తరువాత నడక. ఐదారుగురు పది అడుగుల ఎడముగా నిలిచి, దున్నిన చెలకలో నేలను చూచుచు ఒకే వరుసలో నడువవలెను. పెంకు కనబడినచోట గుర్తు పెట్టి, ఎక్కువగా కనబడినచోట ఒక చిన్న పరీక్ష గుంత త్రవ్వవలెను. ఈ నడకకు కాలమును కలదు. వరి నిలిచియుండగా నేల కనబడదు. వానకాలపు పంట కోసిన తరువాత, యాసంగి నాటకముందు కొన్ని వారములు దొరకును. గుత్తేదారునకు పని అప్పగించిన తరువాత నడుతమనుకొన్నచో ఆ వారములు దాటిపోవును.

మూడవది కాపలా. యంత్రము పైమన్నును గీకునప్పుడు ఒక చదువుకొన్న మనిషి దాని ప్రక్కన నిలువవలెను. పండ్లు లేని తొట్టితో పొరపొరగా గీకించినచో, ఎర్రని మొరములో ఒక నల్లని గుండ్రని మచ్చ కనబడును. అది పాతకాలపు పొయ్యి కావచ్చును, ధాన్యపు గాదె కావచ్చును, సమాధి కావచ్చును. ఆ మచ్చను చూచినవెంటనే యంత్రమును ఆపుమనగల అధికారము ఆ మనిషికి ఉండవలెను. కాపలాకు ప్రాణము అదియే. అధికారము లేని కాపలాదారు జరుగుచున్న నష్టమునకు సాక్షి మాత్రమే. ఆపిన రెండు మూడు దినములలో మచ్చను కొలిచి, బొగ్గును కాలనిర్ణయమునకు, మన్నును గింజల పరీక్షకు తీసికొని, దారిని వదలవచ్చును. రక్షణ యనగా ప్రతి రాతిని నిలువబెట్టుట కాదు. కొన్నిచోట్ల గీతను పది గజములు జరుపవచ్చును, కొన్నిచోట్ల జరుపరాదు. జరుపరానిచోట తీసివేయకముందు వ్రాసికొనవలెను.

ఇంగ్లాండులో ఎం-5 అను పెద్ద రహదారి వేయునప్పుడు, 1969లో అచ్చటి విద్వాంసులును ఔత్సాహికులును ఒక సంఘముగా చేరి యంత్రముల వెంట నడిచిరి. ఖాళీ నేల అనుకొన్నచోట్ల పాత ఊళ్ళ జాడలు వారి ఊహకు మించి దొరకినవి. అచ్చట 1990 నుండి కట్టడమునకు అనుమతి కోరువాడే ముందు పరిశోధనకు ఏర్పాటు చేయవలెనను విధానము వచ్చినది. ఐరోపా దేశములు 1992లో మాల్టా రాజధాని వాలెట్టాలో ఆ సూత్రమునే ఒడంబడికగా వ్రాసికొనిరి. మన రోడ్డు గుత్త పత్రములలో సయితము పురావస్తువులు దొరకినచో గుత్తేదారు తెలియజేయవలెనను షరతు ఉండుట వాడుకయే. కాని అది దొరికిన తరువాతి మాట. యంత్రము నడుపువాడు గంటకు ఇన్ని బండ్ల మన్ను ఎత్తవలెనను లెక్కలో ఉండగా, తొట్టిలో పడిన పెంకును దిగి చూచునని ఎట్లు అనుకొందుము?

ఇంకొక సంగతి కలదు. దీనిని ఇంజనీరు మిత్రులు సయితము ఒప్పుకొందురు. రోడ్డు గీత మీద ఎన్ని కన్నులున్నను, రోడ్డునకు మన్ను తెచ్చు గుంతల మీద ఏ కన్నును లేదు. ఎత్తు కట్టకు మొరము కావలెను. కంకరకు గుట్ట కావలెను. గీత వెడల్పు కొలత ప్రకారము ఉండును. మొరము గుంతకు కొలత గుత్తేదారు అవసరమే. అది ఎవరి పట్టా చెలకలోనో, ఎవరును దున్నని మిట్టమీదనో ఉండును. మన పూర్వికులు తమ మృతులను పాతిపెట్టినది పంటకు రాని మొరపు మిట్టల మీదనే. నన్నడిగినచో, ఒక్క మనిషినే కాపలా పెట్టుటకు వీలున్నయెడల, అతనిని రోడ్డు మీదకంటె మొరము గుంత వద్ద నిలుపుమందును.

నేలలో దొరికినదనగానే మన జనులకు బంగారము తోచును. 2021 ఏప్రిల్‌లో జనగామ దగ్గర పెంబర్తిలో, వరంగల్లు–హైదరాబాదు రహదారికి చేరువగా, ఇండ్ల స్థలముల కొరకు నేలను చదును చేయుచుండగా ఒక రాగి బిందె బయటపడినది. అందు 189 గ్రాములకు పైబడిన బంగారపు నగలు, సుమారు 1.7 కిలోల వెండి ఉన్నవి. కొబ్బరికాయలు కొట్టినవారు కొట్టిరి; చూడ వచ్చినవారు వేలము వెర్రిగా వచ్చిరి. అధికారులు వచ్చి పంచనామా చేసి స్వాధీనము చేసికొనిరి. 1878 నాటి నిక్షేపముల చట్టము అట్లే చేయుమనుచున్నది. పది రూపాయల విలువకు మించినది దొరకినచో కలెక్టరుకు తెలుపవలెను. పది రూపాయలు! రాకాసి గుడిలోని ఎర్రకుండకు విలువ ఎంత కట్టెదరు? పెంకునకు? బొగ్గునకు? ఆ చట్టము తులముతో తూచును. చరిత్రకు కావలసినది బిందె లోపలి బంగారముకంటె బిందె చుట్టునున్న మన్ను. అది ఇంటి నేలయా, గుడి ప్రాంగణమా, దొంగల భయమున ఆదరాబాదరగా తీసిన గుంతయా? మన్ను కదలకున్నచో చెప్పును. యంత్రము ఒకసారి కదిపినచో ఇక చెప్పదు.

ఆ వృద్ధుని మాటలను నేను రికార్డు చేసికొంటిని. పంటలను గూర్చిన కార్యక్రమములో వానికి చోటు లేకపోయినది. టేపు నా యొద్దనే ఉన్నది. ఆ సాయంకాలము అతడు మేకలను మరల్చుచు చెలకల పేర్లను ఒక్కటొక్కటిగా చెప్పెను. గుళ్ళచెలక, పాటిమీది మడి, చిట్టెపుగడ్డ, దొరసాని ఒర్రె, కుమ్మరి మిట్ట. ప్రభుత్వ పత్రములలో అవి సర్వే సంఖ్యలు మాత్రమే. హద్దురాళ్ళ వరుసను కంటితో చూచుచు పోగా, ఆ ఐదింటిలో గుళ్ళచెలకయు దొరసాని ఒర్రెయు గీతలో పడుచున్నవి. కుమ్మరి మిట్ట మీద అప్పటికే ఒక మొరము గుంత తీసియున్నది.